పూత అయిపోయిన చేమంతిని పీకేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంటి ముందు కాస్త జాగా, వెనక పెరడు ఉన్నాయి. కార్తీకంలో పూలతో ఉన్న చేమంతి కుండీలు నాలుగు కొన్నాను. మార్గశిర లక్ష్మివారాలకి పూలు బాగా అందాయి, సంక్రాంతి దాటేసరికి మొక్కలు ఎండిపోయాయి. నర్సరీ అతను "ఇది సీజనల్ అమ్మా, పీకేసి వచ్చే ఏడు కొత్తవి కొనుక్కోండి" అన్నాడు. మా అత్తగారేమో "చేమంతి చావదు, ఉంచు" అంటారు. కిందటేటివి రెండు కుండీలు నిజంగానే బతికాయి. కానీ పెరట్లోది పూసింది, గేటు దగ్గరది గుబురుగా పెరిగి ఒక్క మొగ్గ కూడా వెయ్యలేదు. బిళ్ళగన్నేరు పొట్లం మీద ఏకవార్షికం అని ఉంది, మా ఇంట్లో అది మూడేళ్ల నుంచి పూస్తోంది. కనకాంబరం బహువార్షికం అంటారు, మాది రెండో ఏడే వాడి చచ్చిపోయింది. దాచిన ముద్దబంతి విత్తనాలు వేస్తే రేకబంతి పూసింది. ఇవి కాక నాచుపూలు, చంద్రకాంత, లిల్లీ గడ్డలు, సీతజడ, ఒక డాలియా ఉన్నాయి. ఎండలు ముదిరేలోపు పెరడు సర్దుకోవాలి. ఏవి పీకాలి, ఏవి ఉంచాలి?

జవాబు: చేమంతి విషయంలో మీ అత్తగారి మాట వినండి. నర్సరీ అతను అబద్ధం చెప్పలేదు గానీ, ఆయన చెప్పింది వేరే సంగతి. సీజనల్ అంటే ఫలానా కాలంలో పూసేది అని అర్థం. మొక్క ఎన్నాళ్లు బతుకుతుందో ఆ మాటలో లేదు. మామిడి కూడా ఏడాదికోసారే కాస్తుంది, కాపు దిగిపోయిందని చెట్టు కొట్టేయం కదా. పూసే కాలం వేరు, బతికే కాలం వేరు. మీ పెరట్లో సగం గందరగోళం ఈ రెండూ కలిసిపోవడం వల్లే.

మిగతా సగం పొట్లాల మీది రాత వల్ల. ఏకవార్షికం, బహువార్షికం అన్న విభజనలో ఖచ్చితమైన అర్థం ఒకటుంది. విత్తనం మొలిచి, పెరిగి, పూసి, గింజ కట్టి, అక్కడితో వేరుతో సహా చచ్చిపోయేది ఏకవార్షికం. బంతి, సీతజడ, కాశీతుంబ అలాంటివి. వాటికి నీళ్లు పోసినా, ఎరువు వేసినా గింజ కట్టాక ఆగవు. పూసిన తర్వాత కూడా వేరో, గడ్డో, మోడో బతికి ఉండి మళ్లీ చిగుర్చేది బహువార్షికం. అయితే తోటమొక్కల పొట్లాల మీద ఆ మాట చాలావరకు చలిదేశాల లెక్కలో వాడతారు. నీళ్లు గడ్డకట్టే చలికి చచ్చిపోయే మొక్కని అక్కడ ఏటా కొత్తగా వేసుకుంటారు కాబట్టి, పుట్టుకతో బహువార్షికమైనా ఏకవార్షికమనే రాస్తారు. బిళ్ళగన్నేరుది ఇదే కథ. దాని పుట్టిల్లు మడగాస్కర్. గడ్డకట్టే చలి అక్కడ అరుదు, మీ ఊళ్లో అసలే లేదు. మూడేళ్లు పూయడంలో వింతేమీ లేదు.

దీనికి తిరగేసిన తమాషా కూడా ఉంది. పిటూనియా పుట్టుకతో బహువార్షికమే. చలికాలంలో నర్సరీల ముందు రంగురంగులుగా పేర్చిపెడతారు చూడండి, అది. చలి దాన్ని చంపదు, మన ఎండా ఆ వెనక వచ్చే వానా చంపుతాయి. డయాంథస్‌ది కూడా ఇంచుమించు అదే దారి. ఏప్రిల్ దాకా పూయించుకుని వదిలేయండి. నీడలో పెట్టి, రోజుకి రెండు పూటలా తడిపి కాపాడాలని చూస్తే జులైలో కుళ్లిన కాడ మిగులుతుంది. హాలీహాక్ ఇంకో రకం. చలిదేశాల్లో మొదటి ఏడు ఆకులు వేసి, రెండో ఏడు పూసి పోతుంది. మన వైపు అక్టోబరులో విత్తితే ఫిబ్రవరి, మార్చికే పూసేస్తుంది. కాబట్టి పొట్లాన్ని పక్కన పెట్టి మొక్కని చూడటం నేర్చుకుంటే మేలు.

ఎలా చూడాలంటే, ముందు పూలు తెంపేసి మొక్క మొదలు దగ్గర కూర్చోండి. పైమట్టిని రెండు వేళ్లతో కాస్త పక్కకి తీయండి. కాడ నేలని తాకే చోట లేత పిలకలు గానీ, తెల్లటి మొలకలు గానీ, గడ్డ గానీ కనిపిస్తే అది మళ్లీ వచ్చే మొక్క. అవేమీ లేకుండా, ప్రతి కొమ్మ చివరా గింజకాయతో ముగిసి, ఆకులు కిందనుంచి పైకి వరసగా పసుపెక్కుతూ పోతుంటే దాని పని అయిపోయినట్టే. అనుమానంగా ఉంటే కాడని నేలకి రెండు వేళ్ల ఎత్తులో గోటితో గీకండి. తొక్క కింద ఆకుపచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ కాడ పోయింది. కాడ పోయినంత మాత్రాన వేరు పోయిందని కాదు. కుండీ వంచి, మట్టి ముద్దని బయటికి జార్చి చూడండి. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటే ఉంచండి. నల్లబడి, చేతివేళ్ల మధ్య నలిపితే తోలు ఊడొచ్చి, మురుగు వాసన కొడితే పారేయండి.

ఇక చేమంతి. ఒడియాలో సేవతి అంటారే, అదీ ఇదీ ఒకటే, వేరే మొక్క అనుకుని రెండోసారి కొనకండి. ఇందులో తెలుసుకోవలసిన కిటుకు ఏమిటంటే, పూసిన కాడ మళ్లీ పూయదు. అది ఎండిపోవడం రోగం కాదు, దాని తీరే అంత. వచ్చే ఏటి మొక్క మొదట్లోంచి వచ్చే పిలకలో ఉంటుంది. ఎండిన మోడుని చూసి నర్సరీ అతను పోయిందన్నాడు, పిలకల సంగతి తెలిసి మీ అత్తగారు ఉందన్నారు.

ఇప్పుడు, అంటే శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయే రోజుల్లో, ఎండిన కాడల్ని నేల నుంచి 10 సెం.మీ. ఎత్తుకి కత్తిరించండి. రాలిన ఆకుల్ని ఏరి పారేయండి, వాటిలోనే ఆకుమచ్చ తెగులు దాక్కుంటుంది. కొన్న మొక్కలు ఎక్కువగా కొబ్బరిపొట్టులోనో బంకమట్టి ముద్దలోనో వస్తాయి. కొబ్బరిపొట్టు ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీళ్లు పక్కలనుంచి జారిపోతాయి గానీ నడుమకి దిగవు. పైన పోసిన నీళ్లు వెంటనే కిందకి వచ్చేస్తుంటే కుండీని బకెట్ నీళ్లలో ఓ పావుగంట ముంచి తీయండి. నాలుగింటిలో కనీసం రెండింటికి రెండు మూడు వారాల్లో పిలకలు కనిపించాలి. నెల దాటినా ఏమీ రాకపోతే, వేళ్లు కూడా నల్లబడి ఉంటే, అప్పుడు పీకండి.

పిలకకి నాలుగైదు ఆకులు వచ్చాక, సొంత వేరు ఉన్నదాన్ని చూసి చాకుతో వేరుచేసి చిన్న కుండీలో నాటండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన గత్తం, ఒక పాలు ఇసుక కలిపితే సరిపోతుంది. గత్తం పచ్చిగా ఉండకూడదు, చేతిలోకి తీసుకుంటే పేడ వాసన కాక మట్టి వాసన రావాలి. ఏప్రిల్, మే నెలల్లో దాన్ని బతికిస్తే చాలు, పెంచాలని చూడకండి. పొద్దుటి ఎండ తొమ్మిది, పది దాకా పడి, తర్వాత చెట్టు నీడ వచ్చే చోట పెట్టండి. ఆ రెండు నెలలూ ఎరువు వెయ్యొద్దు.

జూన్ మధ్యలో, ఒడియా వాళ్ల రజ పండుగ రోజుల్లో తొలి వానలు పడ్డాక, ఆ మొక్కల కొసలు 5 నుంచి 7 సెం.మీ. ముక్కలుగా తుంచి, కింది ఆకులు తీసేసి, కడిగిన ఇసుకలో గుచ్చండి. నీడలో ఉంచి తడి ఆరకుండా చూస్తే 15 నుంచి 20 రోజుల్లో వేరు పోసుకుంటాయి. పాత పిలకని నేరుగా పెంచినా పూస్తుంది గానీ, అది పొడుగ్గా సాగి, కింద ఆకులు రాలి, బోసిగా నిలబడుతుంది. అందుకే ఈ రెండో మెట్టు. జులై చివరికి 10 అంగుళాల కుండీలోకి మార్చండి, కుండీకి ఒకటే మొక్క. మొక్క 15 సెం.మీ. అయినప్పుడు తల తుంచండి. పక్క కొమ్మలు వచ్చిన మూడు నాలుగు వారాలకి వాటి తలలూ తుంచండి. తుంచడం వినాయక చవితితో ఆపేయాలి. ఆ తర్వాత తుంచితే మొగ్గ వేయాల్సిన కొసలే పోతాయి.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చేమంతిని చంపేది ఎండ కాదు, కుండీ అడుగున నిలిచే నీళ్లు. ప్రతి కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. అడుగు కన్నంలోకి పుల్ల గుచ్చి వారానికోసారి చూడండి, మట్టి కూరుకుపోయి ఉంటుంది. మీ వైపు అక్టోబరు తుపాన్లు కొత్త కాదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. సరిగ్గా మొగ్గ దశ అది. తుపాను కబురు వింటే కుండీల్ని చూరు కిందకి లాగి, కొమ్మల్ని పుల్లలకి కట్టేయండి. ఎరువుగా గానుగ దగ్గర దొరికే ఆవచెక్క 100 గ్రాములు లీటరు నీళ్లలో ఐదారు రోజులు నానబెట్టి, ఆ తేటకి పదింతలు నీళ్లు కలిపి 15 రోజులకోసారి పోయండి. మొగ్గలో రంగు తొంగిచూడగానే ఆపండి. మొగ్గల మీద నల్లటి పేనుబంక చేరితే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

గేటు దగ్గరి కుండీ ఎందుకు పూయలేదో మీరు రాయకపోయినా ఊహించవచ్చు. గేటు పైన వీధి దీపమో, రాత్రంతా వెలిగే వరండా బల్బో ఉండి ఉంటుంది. చేమంతి రాత్రి పొడవుని లెక్కబెట్టే మొక్క. మీ ఊళ్లో పగలు జూన్‌లో సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటలు ఉంటుంది. రాత్రులు పెరుగుతున్నాయని ఆకులు పసిగట్టాకే కొసల్లో మొగ్గ కడుతుంది. నడుమ దీపం వెలుగు పడితే దానికి అది రాత్రిలా తోచదు, వేసవే అనుకుని ఆకులు వేస్తూ పోతుంది. పూలసాగులో కావాలనే రాత్రిపూట బల్బులు వేసి పూతని ఆలస్యం చేసే పద్ధతి కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. మీరు చేయవలసింది చిన్న పనే. సెప్టెంబరు మొదటి నుంచి మొగ్గలు శనగగింజంత అయ్యేదాకా ఆ కుండీని దీపం పడని పెరట్లో ఉంచండి, ఆ తర్వాత గేటు దగ్గరికి తెచ్చుకోవచ్చు. పూయలేదని దానికి ఎరువు ఎక్కువ వేయకండి, ఇంకా గుబురెక్కుతుందే తప్ప పూయదు.

కనకాంబరం ఆయుష్షు రెండేళ్లు కాదు. పొలాల్లోనే రెండు మూడేళ్లు కోస్తారు, పెరట్లో అంతకన్నా ఎక్కువే బతకవచ్చు. మీదాన్ని ఏదో చంపింది. దాన్ని పీకి పారేశారో లేదో రాయలేదు. మోడు ఇంకా నేలలో ఉంటే ఇప్పుడే పార వేసి, వేళ్లు తెగకుండా తవ్వి, బకెట్ నీళ్లలో కడిగి చూడండి. సన్న వేళ్ల మీద పూసలు గుచ్చినట్టు ఉబ్బులు ఉంటే అవి నులిపురుగుల పని. కనకాంబరానికి అన్నిటికన్నా పెద్ద శత్రువు అదే. ఆకులు చిన్నవై, పాలిపోయి, మధ్యాహ్నం వాడి సాయంత్రం తేరుకుంటూ కొన్ని నెలలు లాగి, చివరికి పోతుంది. వేళ్లకి ఉబ్బులు లేకుండా, మొదట్లో కాడని నిలువునా చీల్చితే లోపల గోధుమరంగు గీతలు కనిపిస్తే ఎండు తెగులు. కాడ నేల దగ్గరే మెత్తబడి నల్లగా ఉంటే మాత్రం నీళ్లు నిలిచి కుళ్లింది.

మూడింటిలో ఏదైనా సరే, అదే గోతిలో మళ్లీ కనకాంబరం పెట్టొద్దు. ఆ మొక్క వేళ్లని ఎరువుగుంటలో కూడా వేయకండి, ఎండబెట్టి కాల్చేయండి. నులిపురుగులైతే ఆ జాగాని వేసవిలో తవ్వి ఎండకి ఆరబెట్టి, వానాకాలంలో అక్కడ బంతి దగ్గర దగ్గరగా వేయండి. బంతి వేళ్లలో నులిపురుగులకి పడని పదార్థం ఉంటుంది, ఒక పంట కాలం ఉంచితే వాటి సంఖ్య బాగా తగ్గుతుంది. ఏకవార్షికం బహువార్షికానికి చేసే ఉపకారం ఇది. వచ్చే ఏడు అక్కడ కనకాంబరం పెట్టేటప్పుడు గోతికి 100 గ్రాముల వేపపిండి మట్టిలో కలపండి. నీళ్లు నిలిచి కుళ్లినదైతే మందుల కన్నా ముందు మడిని ఒక జానెడు ఎత్తు చేయండి. పక్క మొక్కలకి పాకకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయవచ్చు.

కొత్త మొక్క ఎలా తెచ్చుకోవాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. నాటు కనకాంబరానికి గింజలు వస్తాయి. ఎండిన వెన్ను మీద తడి పడితే కాయలు టప్‌మని పేలి గింజలు ఎటో ఎగిరిపోతాయి, అందుకే మంచు దిగే రోజుల్లో పొద్దున్నే మొక్క కింద మొలకలు తప్ప చేతికి గింజలు దొరకవు. వెన్ను గోధుమరంగుకి తిరగగానే కోసి పాత గుడ్డసంచిలో వేసి, ఆ సంచిని ఓసారి తడిపితే గింజలన్నీ లోపలే పేలతాయి. వెంటనే తీసి ఆరబెట్టండి. మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, తొందరపడి మడి తవ్వేయకండి. ఢిల్లీ కనకాంబరం అని అమ్మే పెద్ద రేకల రకానికి గింజలే రావు, కొమ్మలతోనే పెంచాలి. అది బతికుండగానే ఏటా వానాకాలం మొదట్లో నాలుగు కొమ్మలు గుచ్చి ఉంచుకోవడం ఒక్కటే దారి.

బంతి దగ్గరికొస్తే, మీరు కొన్న ముద్దబంతి హైబ్రిడ్ అయి ఉంటుంది. హైబ్రిడ్ మొక్క గింజలో తాతముత్తాతల గుణాలన్నీ విడివిడిగా బయటికొస్తాయి. కొన్ని ముద్దగా, కొన్ని రేకగా, కొన్ని మరీ చిన్నగా పూస్తాయి. పక్కింట్లో రేకబంతి ఉన్నా తేనెటీగలు ఆ పుప్పొడి తెచ్చి ఇదే పని చేస్తాయి. విత్తనం దాచుకోవాలంటే హైబ్రిడ్ కాని రకం కొనండి. పూసా నారంగి గెందా అలాంటిదే. ఒడియా వాళ్లు బంతిని గెండు అనే అంటారు కాబట్టి అంగట్లో పేరు చెప్పడం తేలిక. అందులోనూ మొదట పూసిన, నిండు ముద్దగా ఉన్న రెండు మూడు పూలనే ఎంచుకుని మొక్క మీదే ఎండనివ్వండి. మీకు నచ్చిన హైబ్రిడ్ మొక్క ఇంకా బతికుంటే, దాని కొమ్మ కొసలు 8 నుంచి 10 సెం.మీ. ముక్కలు ఇసుకలో గుచ్చితే పది పన్నెండు రోజుల్లో వేళ్లొస్తాయి. పువ్వు అచ్చం తల్లిలాగే వస్తుంది. అయితే మొగ్గ పట్టని కొమ్మే కావాలి.

విత్తనం వేసిన దగ్గర్నుంచి బంతి పూయడానికి ఇంచుమించు 75 నుంచి 90 రోజులు లెక్కేసుకోండి. దసరాకి కావాలంటే జులై 10, 15 లోపు నారు పోయాలి. మార్గశిర లక్ష్మివారాలకి సెప్టెంబరు మొదటి వారం, సంక్రాంతికి అక్టోబరు మొదటి వారం. 25 నుంచి 30 రోజుల నారు నాటి, మరో నెలకి తల తుంచితే పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. జులై నారు మొదలు సన్నబడి పడిపోతుంటే అది నారుకుళ్లు. మడి ఎత్తు చేసి, విత్తనం మీద మట్టి బదులు పలచగా ఇసుక కప్పితే చాలావరకు తప్పుతుంది. పూత అయిపోయిన బంతిని కత్తిరించి కాపాడాలని చూడొద్దు. పూలు వాడిన వెంటనే తెంపుతూ ఉంటే గింజ కట్టక ఇంకో నెల లాగుతుంది, అంతకు మించి ఆశపడకండి. సీతజడ, బొగడబంతి, కాశీతుంబ, జినియా, కాస్మోస్ అన్నీ ఈ బాపతే. మీ సీతజడకి గింజ నల్లబడి ఉంటే కాగితం మీద దులిపి దాచుకుని, మొక్క పీకేయండి. దులపకుండా వదిలేసినా వానలకి దానంతటదే వచ్చి మొలుస్తుంది. అది చూసి సీతజడ బహువార్షికం అనుకునేవాళ్లు ఉన్నారు. మొక్క బతకలేదు, గింజ బతికింది.

బిళ్ళగన్నేరుని, ఒడియా వాళ్ల సదాబిహారీని, ఇప్పుడు సగానికి కత్తిరించండి. మూడేళ్ల మొక్క మొదలు కర్రలా మారి కింద బోసిగా అవుతుంది, పువ్వు చిన్నదవుతుంది. కత్తిరిస్తే ఇంకో ఏడు నడుస్తుంది. ఈలోపు దాని సన్నటి జంటకాయలు పసుపెక్కి పగిలేలోపు కోసి గింజలు తీయండి. ఈ గింజకి చీకటి కావాలి, పైన పలచగా మట్టి కప్పకపోతే సరిగా మొలవదు. వానల్లో కొమ్మలు ఉన్నట్టుండి నల్లబడి వాలిపోతే అది వేరుకుళ్లు, ఆ మొక్కని వెంటనే తీసేయండి. చూరు కింద పెట్టిన బిళ్ళగన్నేరు, వానలో తడిసినదానికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

నాచుపూలలో రెండు రకాలు ఉంటాయి, ఆకు చూడండి. సూదిలా సన్నగా, గుండ్రంగా ఉంటే అది ఏకవార్షికం. గంగపావిలి కూర ఆకులా వెడల్పుగా, పలకగా ఉంటే ఏళ్ల తరబడి ఉంటుంది. రెండూ కొమ్మ తుంచి గుచ్చితే వారంలో బతుకుతాయి కాబట్టి మన పెరట్లో ఈ తేడా పెద్దగా కనిపించదు. పాత కుండీలో కాడలు బారుగా సాగి పూత తగ్గినప్పుడు కొసలు తుంచి కొత్త ఇసుకమట్టిలో గుచ్చడమే. వానాకాలంలో కుళ్లిపోతుంది గనక రెండు కుండీలు చూరు కింద దాచండి.

చంద్రకాంత పైన ఎండినా కింద గడ్డ ఉంటుంది, తవ్వకుండా వదిలేయండి. మిరియాల్లాంటి నల్లగింజలు రాలి చుట్టూ మొలుస్తాయి, కావలసినన్ని ఉంచుకుని తక్కినవి పీకండి. లిల్లీ, అంటే రజనీగంధ గడ్డల్లో, ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు, దాని చుట్టూ వచ్చే పిల్లగడ్డలే పూస్తాయి. మూడేళ్లు కదపకపోతే గుంపు ఇరుకై ఆకులే మిగులుతాయి. మీరు పెట్టి రెండేళ్లు దాటి ఉంటే ఇప్పుడు తవ్వి, నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టి, 2 సెం.మీ.కి తగ్గని గడ్డల్ని ఏరి 5 సెం.మీ. లోతున నాటండి. సుమారు మూడు నెలలకి పూత వస్తుంది. చిన్నవాటిని పారేయక ఓ మూల మడిలో పెట్టండి, పై ఏటికి పనికొస్తాయి.

డాలియా గడ్డ బహువార్షికమే, కానీ పర్లాకిమిడి వేసవీ ఆ వెనక వానా దానికి పడవు. కోరాపుట్, సునాబెడ ఎత్తుల్లో ఉన్నవాళ్లకి సులువు, మీకు కొంచెం కష్టపడాలి. ఆకులు పసుపెక్కాక నీళ్లు ఆపి, కాడని 10 సెం.మీ. ఉంచి కోసి, గుత్తిని చెదరకుండా తవ్వండి. చిలగడదుంపల్లా కనిపించే ఆ దుంపలు ఒక్కోటీ విడిపోతే లాభం లేదు, కాడ మొదలు ముక్క అంటుకున్న దుంపకే కన్ను ఉంటుంది. వారం నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో పాతి, వాన చినుకు తగలని గదిలో పెట్టండి. నెలకోసారి తీసి మెత్తబడినదాన్ని ఏరేయండి, లేకపోతే ఒకటి అన్నిటినీ కుళ్లబెడుతుంది. సెప్టెంబరు చివర కన్ను ఉబ్బినదాన్ని నాటుకోవచ్చు. ఒక్క కుండీ కోసం ఇంత అవస్థ ఎందుకంటే, మాదీ అదే మాట. రంగు మరీ ఇష్టమైతేనే దాచండి, లేకపోతే నవంబరులో కొత్తది కొనుక్కోవడం చవక. ఆ డబ్బు, ఆ శ్రమ చేమంతి పిలకల మీద పెడితే నాలుగు కుండీలు వచ్చే కార్తీకానికి పది అవుతాయి.